ఎండుచేప పథ్యం

నాకు కోపం ఎక్కువ. చదువుకుంటే తగ్గుతుందని మా ఇంట్లో అనుకున్నారు గానీ, చదువు దానికి ఇంకొంచెం బలం ఇచ్చింది. మద్రాసులో మందుల చదువు చదివి డిప్లొమా తెచ్చుకుని, యాభైల చివర్లో వాకాడు బజారులో ఒక మందుల షాపులో చేరాను. షాపు యజమానిని ఊరంతా సాయిబు గారు అనేది. ఆయన ఇరవై ఏళ్ళుగా ఏ డిప్లొమా లేకుండానే షాపు నడుపుతున్నాడు. మందులిచ్చే చోట చదివినవాడు ఒకడు ఉండి తీరాలని ప్రభుత్వం పట్టుబట్టేసరికి ఆయనకు నా అవసరం పడింది. నా డిప్లొమాకు అద్దం కట్టించి గోడకు తగిలించి, దానికింద నన్ను నిలబెట్టాడు. వచ్చినవాళ్ళు దాన్నీ నన్నూ ఒకసారి చూసి, "సాయిబు గారు లేరా?" అని అడిగేవాళ్ళు.

మొదటి రోజే గొడవైంది. వరి చేలో నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోకాళ్ళ దాకా బురదతో ఒక రైతు డాక్టరు చీటీ ఇచ్చాడు. రక్తవిరేచనాలకు మాత్రలు. నేను మాత్రలు ఎంచి, కాగితంలో పొట్లం కట్టి, కాలేజీలో నేర్పినట్టు పద్ధతిగా చెప్పాను. రోజుకు మూడుసార్లు వేసుకోవాలి, ప్రతిసారీ చెంబెడు నీళ్ళు తాగాలి, రెండోరోజే తగ్గినా అయిదు రోజులూ వాడాలి. ఆయన చెవులు రిక్కించి విన్నాడు. నాకు భలే తృప్తిగా ఉంది.

"అంతా బాగుండాది సామీ. పత్యం ఏంది?" అన్నాడు.

"పథ్యం ఏమీ లేదు. ఏమైనా తినొచ్చు."

"వంకాయ?"

"తినొచ్చు."

"గోంగూర?"

"కారం తగ్గించుకుని తినొచ్చు."

"పెరుగు?"

"శుభ్రంగా తినొచ్చు."

ఆయన పొట్లాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు. "అన్నీ తినే పనైతే ఇంక ఇది మందెట్టయితాది సామీ?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే బాధపడుతున్నాడు.

లోపల కల్వంలో ఏదో నూరుతున్న సాయిబు గారు తెర పక్కకు తీసి తల బయట పెట్టాడు. "వంకాయ తినమాకన్నా. అయిదు దినాలు. తిన్నావా, నా పూచీ లేదు" అన్నాడు.

రైతు ముఖం వెలిగిపోయింది. "అట్టా చెప్పు సాయిబూ!" అని పొట్లం తీసి రొంటిన దోపుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మందుకూ వంకాయకూ సంబంధం ఏమిటని సాయిబు గారి మీదికి వెళ్ళాను. ఆయన నూరడం ఆపకుండా అన్నాడు: "మాత్ర చిన్నది అబ్బయ్యా. గొంతులో జారినాక కనపడదు. పత్యం కనపడతాది. పూటపూటకీ కంచం ముందర కనపడతాది. పెండ్లాం వంకాయ వొండినప్పుడంతా వాడికి మాత్ర గుర్తొస్తాది. నీ చదువులో ఇంతకన్నా మేలైనది ఏమన్నా ఉంటే చెప్పు, నేర్చుకుంటా."

"అది అబద్ధం కదండీ!"

"అయిదు దినాలు వంకాయ తినకపోతే చచ్చినోడు ఎవురన్నా ఉన్నాడా?"

 అయినా నేను పంతం విడవలేదు. ఆరునెలల పాటు వచ్చిన ప్రతివాడికీ ఏమైనా తినొచ్చనే చెప్పాను. వాళ్ళు నేను చెప్పేది మర్యాదగా విని, తర్వాత బల్ల చుట్టూ తిరిగి తెర దగ్గరికి వెళ్ళి సాయిబు గారిని పథ్యం అడిగి తెచ్చుకునేవాళ్ళు.

నా పంతం విరిచింది ఒక చేపలమ్మే మనిషి. మా షాపుకు ఎదురుగా, రోడ్డుకు అవతల ఆమె రోజూ గంప దించేది. సముద్రం ఒడ్డున ఉన్న పాళెం నుంచి తెల్లారకముందే బయల్దేరి, గంప నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చేది. ముప్పై దాటి ఉంటాయి. మొగుడు పడవ మీద పోతాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆమె కేక వేస్తే బస్సుకోసం నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పేవాళ్ళు. నేను షాపు తలుపు తీసేటప్పుడు, "ఏం మందులయ్యా, ఇయ్యాలన్నా ఎవురన్నా నీ దగ్గిర కొనుక్కున్నారా, అందురూ సాయిబు దగ్గిరికే పోతుండారా?" అని రోడ్డు ఇవతలికి వినపడేట్టు పలకరించేది. నేను ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. గొంతు అంత పెద్దదైన మనిషిని ఇంకోరకంగా పిలిచే ధైర్యం నాకు లేదు.

ఒకసారి ఆమె కడుపునొప్పి అని డాక్టరు దగ్గర చీటీ రాయించుకుని నా దగ్గర మాత్రలు తీసుకుంది. ఆ రోజు సాయిబు గారు గూడూరు వెళ్ళాడు. మూడో రోజు మళ్ళీ వచ్చి, నేను కట్టిన పొట్లం ముడి కూడా విప్పకుండా బల్ల మీద పెట్టింది.

"ఎందుకు వేసుకోలేదక్కా?"

"నువ్వు పత్యం చెప్పలా. మరిసిపోయినావేమోలే, చెప్పినాక ఏసుకుందామని ఊరుకున్నా."

"మూడు రోజులు నొప్పి భరించావా?"

"భరించక? పత్యం తెలీకుండా మింగి చావమంటావా?"

 ఆ మూడు రోజుల నొప్పికి కారణం నా డిప్లొమానే అని అర్థమైంది. నా పంతం కోసం ఇంకొకళ్ళ కడుపు నొప్పి పెట్టడం ఏమిటనిపించింది. "గుమ్మడికాయ తినొద్దు" అన్నాను. జీవితంలో నేను చెప్పిన మొదటి పథ్యం అది. ఆమె అక్కడే నిలబడి, నా దగ్గరే నీళ్ళు అడిగి మాత్ర మింగింది.

ఆ తర్వాత నాకు అది ఎంత రుచించిందంటే, సాయిబు గారే ఆశ్చర్యపోయాడు. ఆయన అందరికీ ఒకే వంకాయ చెప్పేవాడు. నేను మనిషిని బట్టి పథ్యం కుట్టేవాణ్ణి. ఒక ముసలమ్మ తనకు రాసిన మాత్రలను వీధిలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా తలా ఒకటి పంచేది. ఆమెకు, "ఈ మాత్రలు గడప దాటకూడదు. దాటితే గుణం పోతుంది. ఇదే పథ్యం" అని చెప్పాను. అప్పటి నుంచి మాత్రల డబ్బాను బియ్యపు కుండలో దాచింది. ఇంకొకాయన మిక్చరు సీసాను త్వరగా జబ్బు తగ్గాలని ఒకే గుటకలో సగం తాగేసేవాడు. మిక్చరు సీసాకు పక్కన కాగితపు పట్టీ అంటించి, ఒక్కొక్క మోతాదుకు ఒక్కొక్క గాటు కత్తిరించి ఇచ్చేవాళ్ళం. ఆయనకు, ఒక గాటు తాగినాక ఏదో ఒకటి తినకుండా రెండో గాటు ముట్టుకుంటే జన్మలో మజ్జిగ అరగదని చెప్పాను. మజ్జిగ లేకుండా ఆయనకు అన్నం దిగదని ముందే కనుక్కున్నాను.

వీళ్ళందరిలోకీ నాకు బాగా పేరు తెచ్చింది కడుపులో పుండున్న ఒక పెద్దమనిషి. ఇంటిల్లిపాదినీ తిట్టిపోసే రకం. ఆయనకు మందు తాగిన గంటసేపు మాట్లాడకూడదని పథ్యం పెట్టాను. వారం తిరక్కుండా ఆయన భార్య వచ్చి, చుట్టూ చూసి, "అబ్బయ్యా, ఈ మందు దినానికి మూడుసార్లే ఇయ్యాల్నా, ఆరుసార్లు ఇయ్యగూడదా?" అని అడిగింది. ఈ సంగతి బజారంతా పాకింది. దూరం ఊళ్ళ నుంచి కూడా నా దగ్గర మందు తీసుకుంటే పథ్యం గట్టిగా ఉంటుందని రావడం మొదలుపెట్టారు. సాయిబు గారు తెర వెనక నుంచి, "నన్ను మించిపోయినావు" అనేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ గర్వానికే ఎక్కువ సిగ్గు వేస్తుంది.

ఇలా మూడు నాలుగేళ్ళు గడిచాయి. అరవైలలో ఒక చలికాలం, ఎదురుగా చేపలమ్మే అక్క కేక మధ్యలో తెగిపోవడం మొదలైంది. "సందువా చేపలో..." అని ఎత్తుకుని, దగ్గు వచ్చి ఆగిపోయేది. నెల రోజులు విన్నాను. రోడ్డు దాటి వెళ్ళి, దగ్గులో రక్తం పడుతోందా అని అడిగాను. ఆమె ముఖం తిప్పుకుని చేపల మీద నీళ్ళు చిలకరించింది. మరుసటి రోజే ఆమెనూ మొగుణ్ణీ నెల్లూరు పెద్దాసుపత్రికి పంపించాను.

టీబీ అని తేలింది. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఆమె నా ముందు నిలబడింది. ఏడాదిన్నర మాత్రలు. గోలీలంత లావున్నవి రోజుకు గుప్పెడు, వాటితో పాటు చిన్నవి ఇంకొన్ని. చీటీ కింద డాక్టరు, రెండు నెలలు విశ్రాంతి, గుడ్లు, చేపలు, పాలు బాగా తీసుకోవాలి అని రాశాడు. నేను ఆ రోజు వేరే ఎవరికీ మందులివ్వకుండా ఆమెకే చెప్పాను. దగ్గు తగ్గుతుంది. ఒళ్ళు తేలికవుతుంది. జబ్బు పోయిందనిపిస్తుంది. కానీ పోదు. లోపల పురుగు ఉంటుంది. అప్పుడు మాత్రలు ఆపితే అది మందుకు అలవాటు పడి మళ్ళీ లేస్తుంది. అప్పుడు ఈ మాత్రలు పనిచెయ్యవు.

"అప్పుడు యేరే మాత్రలు ఇస్తారా?" అంది.

"మన దగ్గర వేరేవి లేవక్కా" అన్నాను.

ఆమె ఎప్పుడూ లేనంత నెమ్మదిగా ఉంది. పెద్దపిల్లకు ఏడేళ్ళని, చిన్నదానికి ఇంకా జడ వేసుకోవడం రాదని చెప్పింది. ఏడాదిన్నర ఆపనని నా ముందు చెయ్యి చాపి ఒట్టు వేసింది. తర్వాత అడిగింది, "పత్యం?"

డాక్టరు చీటీ నా చేతిలోనే ఉంది. పథ్యం లేదని చెప్పడానికి అంతకన్నా మంచి రోజు లేదు. కానీ నేను అప్పటికి చెయ్యి తిరిగినవాణ్ణి. ఏడాదిన్నర గుర్తుండాలంటే మామూలు పథ్యం చాలదు, ఆమె రోజూ తినేదీ, మనసుపడేదీ, తినకపోయినా ఒంటికి నష్టం లేనిదీ ఒకటి కావాలి. ఆలోచించాను. ఆమెకు ఎండుచేప అంటే ప్రాణం. గంప పక్కనే కూచుని సద్దికూడులో ఎండుచేప కాల్చుకుని నంచుకోవడం రోజూ చూసేవాణ్ణి.

"ఎండుచేప తినకూడదు" అన్నాను.

ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎంత పని జేసినావు మందులయ్యా!" అంది. నా పథ్యం సరిగ్గా తగిలిందని లోపల సంతోషించాను.

రెండు నెలలు ఆమె ఇంట్లోనే ఉంది. తోటికోడలు గంప తెచ్చి అమ్ముకుని, ఆమె మాత్రలు తీసుకుపోయేది. మూడో నెలలో నెల్లూరులో కఫం పరీక్ష చేసి పురుగు కనపడలేదన్నారు. ఆమె మళ్ళీ గంపతో వచ్చింది. కేక పూర్తిగా వినపడింది. బస్సుకోసం నిలబడ్డవాళ్ళు మళ్ళీ తలలు తిప్పారు. ఆ రోజు నేను సాయిబు గారికి మిఠాయి తినిపించాను.

కానీ మనిషి మాత్రం ఒళ్ళు చెయ్యలేదు. నాలుగో నెలకు మెడ ఎముకలు బయటికి వచ్చాయి. అయిదో నెలకు జాకెట్టు వదులై భుజం మీద నిలిచేది కాదు. మాత్రలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అడిగాను, "సరిగ్గా తింటున్నావా అక్కా?"

"తింటుండా."

"ఏం తింటున్నావు?"

"నువ్వు చెప్పినట్టే తింటుండా. ఒక్కపూట కూడా తప్పలా" అంది. అనేటప్పుడు నా ముఖంలోకి ఒకరకంగా చూసింది. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

ఆరో నెలలో ఆమె మాత్రలకు రాలేదు. రావలసిన రోజు దాటి పది రోజులు చూశాను. గంపతో కూడా ఆమె బదులు తోటికోడలే కనిపిస్తుంటే, రోడ్డు దాటి వెళ్ళి అడిగాను. "ఆమెకేం సామీ, దివ్యంగా ఉండాది. దగ్గు లేదు, గిగ్గు లేదు. కిందటి నెల్లోనే మాత్రలు మాన్పించినాం. ఇప్పుడు కడుపు నిండా తింటుండాది, ఒళ్ళు పట్టిందాకా గంప నేనెత్తుకుంటానన్నా" అంది తోటికోడలు.  సాయిబు గారికి ఒక్క మాట చెప్పి, మాత్రల పొట్లం జేబులో వేసుకుని, ఆయన సైకిలు తీసుకుని పాళెం దారి పట్టాను.

చివరి మైలు ఇసుక. సైకిలు తొక్కనివ్వదు, తోసుకుంటూ పోవాలి. ఎండ మాడ్చేస్తోంది. పాళెం చేరేసరికి ఒడ్డు పొడుగునా నెత్తళ్ళనే చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. కాలు పెట్టే చోటు కూడా లేదు. నేను ఒక మనిషికి వద్దని చెప్పింది ఆ ఊరికి నేల, గాలి అన్నీ అయి ఉంది. ఆ వాసనలో నడుస్తుంటే, షాపులో కూచుని నేను ఎంత తెలివిగా పథ్యం ఎంచానో నాకే తెలిసొచ్చింది.

ఆమె గుడిసె ముందు నీడలో కూచుని అన్నం తింటోంది. కంచం నిండా చేపల పులుసు. పిల్లలిద్దరూ చెరోపక్క. నన్ను చూసి, "రా మందులయ్యా, ఈ పక్కకొచ్చినావేంది? కూచో, తిందువుగాని" అంది. గొంతు బాగానే ఉంది. అంత బాగున్నందుకే నాకు భయం వేసింది.

"మాత్రలు ఎందుకు ఆపావక్కా?"

"ఆపక, చేపల మీద మింగి చావమంటావా?"

"నేను వద్దన్నది ఎండుచేప ఒక్కటే కదా!"

గుడిసెలోంచి ఆమె అత్త బయటికి వచ్చింది. నడుము వంగిన మనిషి, చూపు మాత్రం సూటిగా ఉంది. "ఎండింది ఎండుచేపైతే, ఎండనిది పచ్చిచేప. చేప చేపే గదా నాయనా. అది చేస్తే ఇది చెయ్యదా?" అంది. అలా మొదలుపెట్టి ఆమె నా పథ్యాన్ని ఎలా కాపాడిందో వరసగా చెప్పింది. ఎండుచేప వద్దంటే పచ్చిచేప కూడా వద్దని ఆమే అంది. చేప లేనప్పుడు గుడ్డు మాత్రం ఎందుకు, అదీ నీచే కదా అని తీసేసింది. నీచు లేని కూరలో చింతపండు పులుపు ఎందుకని అదీ మానిపించింది. పాలు తాగితే నంజు చేస్తుందన్నారు ఎవరో, అవీ పోయాయి. చివరికి మిరియాల చారు, చప్పిడి అన్నం మిగిలాయి. అయిదు నెలలు.

"పొద్దన గంపెత్తుకోని చేపలమ్మేదాన్ని, ఇంటికొచ్చి మిరియాల చారు తాగేదాన్ని" అంది అక్క. "అందురికీ ఏ చేప ఎట్టా వొండుకోవాల్నో చెప్తానా, చెప్పేటప్పుడు నోట్లో నీళ్ళూరేది. దగ్గు పోయినాక ఇంక నా వల్ల గాలా. పులుసన్నా తినాల, మాత్రలన్నా మింగాల. రెండూ కలిస్తే ఇసమని చెప్పినోడివి నువ్వే గదా. అందుకని మాత్రలు దాచిపెట్టినా. మళ్ళీ దగ్గొస్తే అప్పుడు పులుసు మాని మాత్రలు మింగుదామని."

 ఆమె తప్పు ఒక్కటీ లేదు. నేను చెప్పిన మాటను ఒక్కపూట తప్పకుండా పాటించి, అది భరించలేక, నా మాట ప్రకారమే మాత్రలు ఆపింది.

"అక్కా, నేను చెప్పింది అబద్ధం" అన్నాను. "ఆ మాత్రలకు పథ్యం లేదు. ఎప్పుడూ లేదు. నువ్వు మాత్రలు మరిచిపోకుండా ఉండాలని అలా చెప్పాను. చేపలు తినమని డాక్టరు చీటీలోనే రాశాడు."

చుట్టుపక్కల గుడిసెల వాళ్ళు అప్పటికే చేరారు.  ఆమె కంచం కింద పెట్టింది. నా ముఖంలోకి చూసి అడిగింది: "పత్యం మాట అబద్ధమా, మాత్రల మాట అబద్ధమా? రెండూ ఒక్క నోటితోనే చెప్పినావు గదా మందులయ్యా. నేను యేది నమ్మాల?"

ఇన్నేళ్ళలో నన్ను అంత గట్టిగా నిలదీసిన ప్రశ్న ఇంకోటి లేదు.  ఏం చెప్పినా అదే నోటితో చెప్పాలి.

అందుకని, జేబులో పొట్లం తీసి, ఆమె రోజూ వేసుకోవలసిన మాత్రల్లో నాలుగు తీసుకున్నాను. వాళ్ళ ఇంట్లో ఉన్న ఎండుచేప కాల్చి పెట్టమన్నాను. అత్త ముందు ఒప్పుకోలేదు, తన గుమ్మంలో మనిషి చస్తే పాపం తనకు చుట్టుకుంటుందని అడ్డం పడింది. ఒక పడవాయన కాల్చి తెచ్చాడు. అందరూ చూస్తుండగా మాత్రలు ఒక్కొక్కటే మింగి, ఎండుచేప నంచుకుని సద్దికూడు తిన్నాను. కంచంలో మిగిలిన పులుసు కూడా పోయించుకున్నాను. పులుసు చాలా బాగుంది. ఆమె ఎందుకు ఉండలేకపోయిందో నాకు తెలిసింది.

తర్వాత పాళెమంతా కూచుని నేను చావడం కోసం చూశారు. వలలు అల్లేవాళ్ళు వలలు తెచ్చుకుని నా చుట్టూ కూచుని అల్లారు. ఒకాయన నా కళ్ళ రెప్పలు ఎత్తి చూశాడు. "కండ్లు తిరగతుండాయా సామీ?" అని పది నిమిషాలకు ఒకసారి ఎవరో ఒకరు అడిగారు. నాకు ఒకసారి తేన్పు వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు. నా ఒంటికేమన్నా అయితే మా అమ్మకు కబురు ఎలా పంపాలో కూడా అత్త అడిగి తెలుసుకుంది. పొద్దు వాలేదాకా అలా కూచున్నాను. చివరికి అందరికీ విసుగు పుట్టి ఒక్కొక్కరే లేచి వెళ్ళారు.

ఆమె మాత్రం లేవలేదు. మధ్యాహ్నం నుంచీ నా ఎదురుగానే కూచుంది. లోపలికి వెళ్ళి దాచిన మాత్రలు తెచ్చి, వాటిని చేతిలో పోసుకుని, "నువ్వు సచ్చుంటే నాకు శానా బాధయ్యేది మందులయ్యా. మళ్ళీ గుడ్డు గూడా తిననిచ్చేది గాదు మా అత్త" అని మింగింది. అత్త లోపల్నుంచి, "ఇనపడతానే ఉండాది" అని కేకేసింది.

అంతటితో అయిపోలేదు. నెల రోజుల పైగా మాత్రలు లేవు. ఆ నెలలో పురుగు మళ్ళీ లేచిందో లేదో తెలియాలి. లేచి ఉంటే ఆమెకు ఇవ్వడానికి మందు లేదు. రెండు రోజుల తర్వాత ఆమెతో పాటు నేను కూడా నెల్లూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి చూస్తూ, ఏ ఊళ్ళో చేపలకు మంచి బేరం వస్తుందో చెబుతూనే ఉంది. నేను సగం కూడా వినలేదు.

కఫం ఇచ్చి, ఆసుపత్రి వరండాలో కూచుని, మధ్యాహ్నం దాటాక డాక్టరు గదిలోకి వెళ్ళాం. డాక్టరు చీటీలు చూసి తల ఎత్తాడు. "మాత్రలు నెల పైగా ఎందుకు ఆపావు?" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఆమె నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. "దగ్గు పోయిందిగదాని నేనే మానేసినా సామీ. బుద్ధి గడ్డి తినింది" అంది.

డాక్టరు ఆమెను తిట్టడం మొదలుపెట్టాడు. చదువులేని మనుషులు అన్నాడు. చెప్పింది వినరు, చేతులారా చస్తారు, పిల్లల్ని అనాథల్ని చేస్తారు అన్నాడు. "ఈ అబ్బాయిని చూడు, నీకోసం పనులు మానుకుని ఇంత దూరం వచ్చాడు. ఇలాంటివాళ్ళు చెప్పినప్పుడన్నా వినాలి" అని నన్ను చూపించాడు. ఆమె తల వంచుకుని, "ఇనాల సామీ, తప్పయింది" అంటూ నిలబడింది. నేను నిజం చెప్పలేదు. ఆమె కాలు ఇంకా నా కాలి మీదే ఉంది, కానీ అందుకోసం కాదు నేను ఆగింది. ఆయన నన్ను మెచ్చుకుంటుంటే చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

కఫంలో పురుగు లేదు. అదృష్టం అన్నాడు డాక్టరు. అయినా నమ్మకం లేదు కాబట్టి అప్పటిదాకా వాడింది లెక్కలోకి రాదనీ, ఆ రోజు నుంచి మళ్ళీ ఏడాదిన్నర మొదలనీ రాసిచ్చాడు.

బయటికి వచ్చాక గేటు దగ్గర ఆమెను ఆపాను. "నా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావక్కా? నేను చెప్పేవాణ్ణి కదా" అన్నాను.

"చెప్తే ఏమైతాది? ఆయన నిన్ను తిడతాడు. నీకు రోషం జాస్తి, షాపు ఇడిసిపెట్టి మీ ఊరికి ఎళ్ళిపోతావు. నాకింకా ఏడాదిన్నర ఉండాది. సాయిబు గారు మంచోడే, కానీ మాత్రలు మానేసినానని ఇసకలో సైకిలు తోసుకోని వస్తాడా? ఆయనకు మోకాళ్ళ నొప్పి. నువ్వుండాల. నేను బతకాల గదా మందులయ్యా, నాకు ఇద్దరు పిల్లకాయలు."

నాకు ఏడుపు ఆగలేదు. అంత పెద్ద రోడ్డు మీద, నెల్లూరు జనమంతా చూస్తుండగా నిలబడి ఏడ్చాను. ఆమె కాసేపు చూసి, "ఆకలేసినట్టుండాది బిడ్డకి" అని అటుగా పోతున్న ఎవరితోనో చెప్పి, నా చొక్కా పట్టుకుని హోటలు వైపు లాక్కుపోయింది.

ఆ తర్వాత ఆ షాపులో నేను ఎవరికీ పథ్యం చెప్పలేదు. చాలామంది అలిగి సాయిబు గారి దగ్గరికి పోయారు, ఆయన వాళ్ళకు వంకాయ చెప్పుకున్నాడు. నేను మాత్రం ఎవరైనా మాత్రలకు రావడం ఆలస్యమైతే సైకిలు తీసేవాణ్ణి. ఆమె పద్దెనిమిది నెలలూ మాత్రలు మింగింది, చేపలు తిన్నది, గంప కింద దించకముందే రోడ్డు అవతల నుంచి, "మింగినా మందులయ్యో!" అని రోజూ నాకు లెక్క చెప్పింది.

పద్దెనిమిది నెలలు నిండాక అదే డాక్టరు ఆమెను పరీక్షించి, జబ్బు పూర్తిగా పోయింది, ఇంక మాత్రలు అక్కర్లేదని చెప్పాడు. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇక ఆమెకు నా అవసరం లేదు. నేను ఒక అడుగు ముందుకు వేసి, ఎండుచేప దగ్గర మొదలుపెట్టి, మిరియాల చారు దాకా, మునుపు అదే గదిలో ఆమె తిన్న తిట్ల దాకా మొత్తం ఆయనకు చెప్పేశాను.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బయట రోగులు వరసకట్టి ఉన్నా లెక్కచెయ్యకుండా నన్ను తిట్టాడు. నా చదువును తిట్టాడు, నాకు చదువు చెప్పినవాళ్ళను తిట్టాడు, నాకు డిప్లొమా ఇచ్చిన చేతులను తిట్టాడు. నేను తల వంచుకుని విన్నాను. అలసిపోయి ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

ఆమె ఆ గ్లాసును తనే ఆయన చేతికిచ్చింది. "తాగి ఇంకొంచెం తిట్టండి సామీ" అంది. "అయిదు నెల్లు మిరియాల చారు."